ఇంటి కంప్యూటరులో ప్రకటనల బెడద

ప్రకటన యనునది మనకు క్రొత్త కాదు. గ్రామములో దండోరా వేయించుటయు ప్రకటనయే. సంతలో బట్టల వర్తకుడు గొంతెత్తి పిలుచుటయు ప్రకటనయే. వార్తాపత్రికలో సగము పుట ప్రకటనలే యున్నను మనము కోపింపము. వాని మూలముననే పత్రిక కొంత చౌకగా మన యింటికి వచ్చుచున్నదని యెరుగుదుము. నేను నేడు మనవి చేయదలచినవి ఆ జాతి ప్రకటనలు కావు. ఇవి మన యింటి కంప్యూటరులో మనకు తెలియకయే కాపురము పెట్టి, మనమే పుటను తెరచినను దానిపై తమ చీటీలను అంటించుచు, మన మొక త్రోవను పోగోరినచో మరియొక త్రోవకు మరలించుచు, తీసివేసినను మరల మొలకెత్తునట్టివి. ఇట్టి ప్రకటనలను పుట్టించు దొంగ ప్రోగ్రాములకు యాడ్‌వేర్ అని పేరు.

ఈ సంగతి పెద్దలకు ఏల యని కొందరనవచ్చును. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉద్యోగము చేయు కుమారుడు తాను వాడి విడిచిన కంప్యూటరును ఊరిలోని తలిదండ్రుల కిచ్చిపోవుట ఇప్పుడు సర్వసాధారణము. మనుమల ముఖములు చూచుటకును, అడంగలు నకలు తీసికొనుటకును, పింఛను విషయము తెలిసికొనుటకును, ప్రవచనములు వినుటకును అది యుపయోగపడుచున్నది. ఇంట దానిని ముట్టువారు పెద్దలే. చెడినప్పుడు ఎవరి నడుగవలయునో తెలియక ఇబ్బంది పడువారును పెద్దలే. నేను పట్టణములో కంప్యూటర్లు బాగుచేయు వృత్తిలో నున్నవాడను. నా వద్దకు వచ్చు యంత్రములలో నిజముగా చెడినవి కొన్నియే. తక్కినవానికి పట్టినది ఈ పీడయే.

బ్రౌజరు అనగా దూరమున నున్న పుటలను తెచ్చి మన తెరపై చూపు సాధనము. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ అనునవి అట్టివి. తెరపై కనబడునదంతయు ఆ పుటను వ్రాసినవారు పెట్టినదే యని మనము నమ్ముదుము. యాడ్‌వేర్ ఆ నమ్మకము మీదనే బ్రదుకును. అది పుటకును మన కన్నులకును నడుమ నిలిచి, రానున్న పుటలో తన సరకును చేర్చి చూపును. కావున ప్రకటన కనబడగానే కంప్యూటరు చెడినదని తలపరాదు. ఆ ప్రకటన ఎవరిదో ముందు తేల్చుకొనవలెను. దానికొక సులువైన పరీక్ష కలదు. తెలుగు వికీపీడియాను తెరచి చూడుడు. అందు వాణిజ్య ప్రకటనలు ఉండవు. విరాళములు కోరు తమ విన్నపము మాత్రము అప్పుడప్పుడు పెట్టుదురు. ఆ పుట మీద జూద పందెముల చిత్రములో, మోకాళ్ళ నొప్పుల మందులో కనబడినచో, అవి మీ యంత్రములో నుండి పుట్టినవే యని నిశ్చయింపవచ్చును. అదే పుటను మీ చేతి ఫోనులో తెరచి పోల్చి చూచినచో సందేహము పూర్తిగా తీరును.

ఇందు లాభ మెవరికి? ప్రకటనను ఒకరు నొక్కిన ప్రతి పర్యాయమును దానిని చూపినవానికి కొంత సొమ్ము ముట్టును. వెదకు పుటలను నడుపు సంస్థలు తమ వద్దకు జనమును పంపినవారికి వాటా ఇచ్చుట కూడ కలదు. అందువలననే ఈ ప్రోగ్రాములు మొట్టమొదట చేయు పని మన వెదకు పుటను మార్చివేయుట. ఒక్కొక్కరి వలన వచ్చునది పైసలలోనే యైనను, లక్షల యంత్రములలో చొరబడినచో అది పెద్ద రాబడి యగును. ఉచితముగా దొరకు ప్రోగ్రాముతో దీనిని జతచేసి పంపినవానికి కూడ తలకింత యని ముట్టును. పెండ్లివారి వెంట పిలువని చుట్టములు బంతిలో కూర్చుండినట్లు, మనము కోరిన ప్రోగ్రాముతోపాటు ఇవియు లోనికి వచ్చును.

ఈ పీడ నిన్న మొన్నటిది కాదు. 2003వ సంవత్సరములో కూల్‌వెబ్‌సెర్చ్ అనునది బయలుదేరి, ఆ కాలపు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అను బ్రౌజరు మొదటి పుటను మార్చి, మార్చుకొన్నవారు మరల సరిచేసికొనకుండ అనేక రూపములు దాల్చెను. మెరైన్ బెల్లెకోమ్ అను డచ్చి విద్యార్థి దానిని వెడలగొట్టుటకు ఒక చిన్న సాధనమును వ్రాసి ఉచితముగా నిచ్చెను. 2006లో జాంగో అను ప్రకటనల సంస్థ, వినియోగదారుల సమ్మతి లేకయే తన ప్రోగ్రామును ఎక్కించినదన్న అభియోగము మీద అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషనుతో రాజీ పడి, ముప్పది లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను.

అన్నిటికంటె గుర్తుంచుకొనదగినది సూపర్‌ఫిష్ వృత్తాంతము. 2014లో లెనోవో కంపెనీ తాను అమ్మిన కొన్ని ల్యాప్‌టాప్ కంప్యూటర్లలో సూపర్‌ఫిష్ వారి ప్రకటనల ప్రోగ్రామును ముందుగానే ఎక్కించి అమ్మెను. ఇక్కడ కొనుగోలుదారుడు తప్పు బొత్తాము నొక్కినది లేదు, అపరిచిత పుటకు పోయినది లేదు. డబ్బిచ్చి కొనిన క్రొత్త యంత్రములోనే అది కూర్చుండి యున్నది. అంతటితో ఆగినచో చికాకుగా మాత్రమే మిగిలియుండును. అది చేసిన అసలు అపకారమును తెలిసికొనుటకు రిజిస్ట్రారు కచేరీ ముద్రను తలచుకొనుడు. దస్తావేజు మీద ఆ ముద్ర యున్నచో మనము నమ్ముదుము. అటులనే బ్యాంకు పుటను తెరచినప్పుడు, ఇది నిజముగా ఆ బ్యాంకుదే యని తెలుపు ముద్ర యొకటి బ్రౌజరునకు వచ్చును. ఆ ముద్రల నిచ్చు అధికారుల పట్టిక కంప్యూటరులో నుండును. సూపర్‌ఫిష్ ఆ పట్టికలో తన పేరు కూడ చేర్చుకొని, ప్రతి పుటకును తానే ముద్ర వేయుచు, మాటుపరచి పంపబడిన పుటలను సైతము విప్పి వానిలో ప్రకటనలను జొనిపెను. అంతకంటె ఘోరమేమనగా, ఆ ముద్రను చేయు తాళపుచెవి ఆ యంత్రము లన్నింటిలోను ఒక్కటే! 2015 ఫిబ్రవరిలో ఈ సంగతి బయటపడగా, రాబర్ట్ గ్రాహమ్ అను భద్రతా నిపుణుడు ఆ తాళపుచెవిని కాపాడు సంకేతపదమును కొలది గంటలలోనే కనిపెట్టెను. అనగా, ఆ తాళపుచెవి చేజిక్కించుకొన్నవాడు ఎవడైనను, అట్టి ల్యాప్‌టాప్ గలవాడు ఒక రైల్వే స్టేషనులోనో, కాఫీ హోటలులోనో అందరికిని తెరచియుంచిన వైఫై వాడుచుండగా, తన దొంగ పుటనే బ్యాంకు పుట యని నమ్మింప గలడు. లెనోవో వారు దానిని తీసివేయు సాధనమును వెంటనే ఇచ్చిరి. మైక్రోసాఫ్ట్ వారి డిఫెండరు కూడ దానిని తుడిచివేసెను. 2017 సెప్టెంబరులో ఫెడరల్ ట్రేడ్ కమిషనును, 32 రాష్ట్రములును లెనోవోతో రాజీ కుదుర్చుకొనగా, రాష్ట్రములకు ముప్పది యైదు లక్షల డాలర్లు చెల్లింపబడెను. ప్రకటనలే కదా, చూచి చూడనట్లు పోనిత్తమని యనువారికి నేను ఈ కథనే చెప్పుచుందును.

మన ప్రాంతములో జరిగినదొకటి చెప్పెదను. విశ్రాంతి పొందిన ప్రధానోపాధ్యాయు లొకరు తెలుగులో ఉత్తరములు టైపు చేయుటకు సాధనము కావలెనని వెదకిరి. వెదకిన పుటలో అన్నిటికంటె పైన వచ్చినది డబ్బిచ్చి పెట్టించుకొన్న ప్రకటన. దానిని తెరవగా పచ్చని పెద్ద బొత్తాము కనబడెను. అసలు సాధనము బొత్తాము అడుగున చిన్న అక్షరములలో నున్నది. ఎక్కించుకొనునప్పుడు త్వరిత మార్గమా, స్వయముగా ఎంచుకొను మార్గమా యని అది అడిగినది; త్వరిత మార్గము ప్రక్కన సిఫారసు చేయబడినది అని వ్రాసియుండుటచే మాస్టారుగారు దానినే ఎంచుకొనిరి. రెండవ మార్గము నెంచుకొని యుండినచో, తోడుగా వచ్చు మూడు ప్రోగ్రాముల పేర్లు కనబడి, వాని యెదుట నున్న టిక్కులను తీసివేయు వీలుండెడిది. ఆ దినము మొదలు వారి వెదకు పుట మారిపోయెను. వారముదినముల పిమ్మట పింఛను సొమ్ము జమకాలేదని బ్యాంకు ఫోను నంబరును ఆ క్రొత్త పుటలోనే వెదకిరి. పైన కనబడిన నంబరు బ్యాంకుది కాదు. ఫోనెత్తినవాడు మర్యాదగా మాటలాడి, ఒక యాప్‌ను ఎక్కించుకొని, తెరమీది తొమ్మిది అంకెలు చెప్పుమనెను. ప్రక్కన బియ్యము ఏరుకొనుచున్న మాస్టారుగారి భార్య ఆ మాట విని, "ఏమండీ, మన బ్యాంకులో క్యాషియరబ్బాయి కూడా ఏనాడూ అలా అడగలేదే!" యని ఫోను లాగికొని పెట్టివేసిరి. ఆమె అట్లు చేయనిచో ఇరువురి పింఛను నిలువయు పోయెడిదే. పిమ్మటనే ఆ యంత్రము నా చేతికి వచ్చినది.

ఇక దీనిని తొలగించు విధానము. తెర నిండ ఎర్రని హెచ్చరికలు నిండి, సైరను మ్రోగుచు, మీ కంప్యూటరునకు వైరసు పట్టినది, ఈ నంబరునకు ఫోను చేయుడని వచ్చినచో దిగులు పడవలదు. మైక్రోసాఫ్ట్ వారి నిజమైన హెచ్చరికలలో ఫోను నంబరు ఎన్నడును ఉండదు. ఆ పుటలోని మూయు గుర్తును సైతము నొక్కరాదు. అదియు వారు గీసిన బొమ్మయే కావచ్చును. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కసారి నొక్కినచో టాస్క్ మేనేజరు తెరచుకొనును. అందు బ్రౌజరు పేరును ఎంచి ఎండ్ టాస్క్ అన్నచో అంతయు మూతపడును. మరల తెరచినప్పుడు పాత పుటలను తిరిగి తెరువుమందువా యని అడిగినచో వలదనవలెను.

కొన్ని యిండ్లలో తెర మూలను చిన్న చీటీలవలె మాటిమాటికి ప్రకటనలు మొలుచుచుండును. ఇది యాడ్‌వేర్ సయితము కాదు. ఏదో పుట మీరు మనుష్యులని రుజువు చేయుటకు ఎలౌ అను బొత్తాము నొక్కుమనగా మనము నొక్కియుందుము. అది చీటీలు పంపుటకు మన మిచ్చిన అనుమతి. క్రోమ్ సెట్టింగ్సులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందు సైట్ సెట్టింగ్సు, అందు నోటిఫికేషన్సు అనుచోట అనుమతి పొందిన పుటల పట్టిక కనబడును. తెలియని పేర్లను తీసివేసినచో రెండు నిమిషములలో బాధ తీరును. దీనికై డబ్బిచ్చి బాగుచేయించుకొన్నవారిని నే నెరుగుదును, కావుననే చెప్పుచున్నాను.

అసలు యాడ్‌వేర్ పని అంత సులువు కాదు. చేనిలో తుంగను చూచినవారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు. పైగడ్డిని పెరికినచో చేను శుభ్రమైనట్లే కనబడును. నేలలోని గడ్డలు మిగిలియున్నంతకాలము నాలుగు దినములకే మరల పచ్చగా లేచును. మాస్టారుగారి యంత్రములో నేను కనుగొన్నదియు ఇదియే. బ్రౌజరునకు తగిలించు చిన్న ప్రోగ్రాములకు ఎక్స్‌టెన్షనులని పేరు. మామిడికొమ్మమీది బదనికవలె అవి బ్రౌజరు నాశ్రయించి బ్రదుకును. మంచివియు కలవు, చెడ్డవియు కలవు. వారికి పట్టినది అట్టి దొకటి. అంతకుముందు వారి మనుమడు దానిని తీసివేసియే యుండెను. "నాయనా, వాడు సాయంత్రం పీకేశాడు, పొద్దున్నకల్లా మళ్ళీ మొలిచింది" అని వారు నాతో ననిరి. నేను చూచునప్పటికి దానిని తీసివేయు బొత్తామే లేదు. బ్రౌజరు పట్టిక చివర, ఈ బ్రౌజరును మీ సంస్థ నిర్వహించుచున్నదని యొక వాక్యము కనబడుచున్నది. మాస్టారుగారి యింట సంస్థ యెక్కడిది?

ఆ వాక్యమునకు మూలమిది. కచేరీలలోను, విద్యాలయములలోను నూర్లకొలది యంత్రములను ఒకేరీతిగా నుంచుటకై, యజమాని కొన్ని కట్టడులు వ్రాసి పెట్టుటకు బ్రౌజరులో వీలు కల్పింపబడినది. వానికి పాలసీలని పేరు. ఈ ఎక్స్‌టెన్షను తప్పక ఉండవలెనని పాలసీ వ్రాసినచో, వాడుకొనువాడు దానిని తీసివేయజాలడు. యాడ్‌వేర్ వ్రాయువారు ఈ తలుపుననే లోనికి వచ్చుచున్నారు. 2024 ఆగష్టులో రీజన్‌ల్యాబ్స్ అను భద్రతా సంస్థ ఇట్టి దానినే వర్ణించినది. ప్రసిద్ధములైన ఉచిత ప్రోగ్రాముల పేర దొంగ పుటలు పెట్టి, దిగుమతి చేసికొన్నవారి క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్లలో బలవంతముగా ఎక్స్‌టెన్షనులను ఎక్కించిన ఆ ప్రోగ్రాము మూడు లక్షలమందికి తక్కువ కాకుండ సోకినదని ఆ సంస్థ చెప్పినది. అది తనను తాను నిలుపుకొన్న తీరును, మాస్టారుగారి యంత్రములోనిదియు ఒక్కటే పోలిక. విండోసులో టాస్క్ షెడ్యూలరు అను వేళాపట్టిక యుండును. ఫలానా వేళకు ఫలానా పని చేయుమని అందు వ్రాసి పెట్టవచ్చును. దొంగ ప్రోగ్రాము ఆ పట్టికలో తన పని నొకటి చేర్చును. ఆ పని ప్రతి దినమును మేల్కొని, పాలసీ యున్నదా లేదా చూచి, లేనిచో మరల వ్రాయును. పాలసీ బ్రౌజరులో ఎక్స్‌టెన్షనును మరల ఎక్కించును. కనబడునది గడ్డి, పాలసీ వేరు, వేళాపట్టికలోని పని నేలలోని గడ్డ.

కావున పని అడుగునుండి పైకి రావలెను. మొదట ముఖ్యమైన ఛాయాచిత్రములను, కాగితములను ఒక పెన్‌డ్రైవులోనికి తీసి యుంచుకొనుడు. గూగుల్ ఖాతాతో బ్రౌజరు జతపడి యున్నచో ఆ జతను తాత్కాలికముగా నిలుపుడు; లేనిచో మీరు ఇక్కడ తీసివేసినదానిని ఖాతాలోని నకలు మరల దింపగలదు. మనుమని కంప్యూటరులో కూడ అదే ఖాతా యున్నచో దానిని సైతము చూడవలెను. పిమ్మట సెట్టింగ్సులో యాప్స్, అందు ఇన్‌స్టాల్డ్ యాప్స్ అను పట్టికను తెరచి, తేదీల వరుసన అమర్చి చూడుడు. పీడ మొదలైన దినమున మీకు తెలియని ప్రోగ్రాములు రెండో మూడో ఒక్కసారిగా వచ్చి యుండును. వానిని తీసివేయుడు. తీసివేయునప్పుడు నిజముగా పోవలెనా, ఉండవలెనా యని మెలిక ప్రశ్న లడుగును. ప్రతి వాక్యమును చదివి జవాబు చెప్పుడు.

తరువాత టాస్క్ షెడ్యూలరు. ఇందు విండోసువారి పనులు పెక్కు కలవు, వానిని ముట్టరాదు. మైక్రోసాఫ్ట్ అను సంచిలో కాక వెలుపల నున్న పనులను ఒక్కొక్కటిగా చూచి, అది ఏ ఫైలును నడుపుచున్నదో యాక్షన్స్ అనుచోట చదువుడు. అర్థము లేని అక్షరముల పేరుతో, యాప్‌డేటా అను సంచిలోని ఫైలునో, పవర్‌షెల్ అను సాధనముచే ఏదో వ్రాతనో నడుపు పని యున్నచో అనుమానింపవలెను. ముందు దానిని డిజేబుల్ చేసి చూడుడు. తుడిచివేయుట తరువాత చేయవచ్చును. మాస్టారుగారి యంత్రములో నవీకరణమను అర్థమిచ్చు గౌరవనీయమైన పేరుతో ఆ పని దాగియున్నది. దొంగ బైరాగి వేషమున వచ్చినట్లు ఇవి అట్టి పేర్లే పెట్టుకొనును.

ఇప్పుడు పాలసీ. చిరునామా పట్టీలో ఆంగ్లాక్షరములలో క్రోమ్ అని వ్రాసి, రెండు చుక్కల గుర్తును, రెండు వాలుగీతలను పెట్టి, పాలసీ అని వ్రాసి తెరచినచో అమలులో నున్న కట్టడులన్నియు కనబడును. ఎడ్జ్‌లో మొదటి పదమునకు బదులు ఎడ్జ్ అని వ్రాయవలెను. ఈ కట్టడులు వ్రాయబడిన చోటు రిజిస్ట్రీ. అందు హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ అను వరుసలో పోవలెను. కరెంట్ యూజర్ అను శాఖలో కూడ ఇదే వరుస యున్నదేమో చూడవలెను. తీసివేయుటకు ముందు ఎక్స్‌పోర్టు అను దానిచే నకలు తీసి యుంచుకొనుట తప్పనిసరి. రిజిస్ట్రీ యనునది యంత్రమునకు కరణముగారి కవిలె వంటిది. ఒక పంక్తి తప్పుగా తుడిచినను చిక్కులు వచ్చును. చేయి తిరిగినవారు దగ్గర నున్నప్పుడే ఈ పనికి పూనుకొనుడు. ఇంకొక మాట: కచేరీవారు ఇచ్చిన కంప్యూటరులో పాలసీలుండుట న్యాయమే. కొన్ని భద్రతా ప్రోగ్రాములును పాలసీలను వ్రాయును. ఇంటి యంత్రములో, ఎవరు పెట్టినదో తెలియనప్పుడు మాత్రమే అది దొంగ పాలసీ.

ఇవి యన్నియు అయిన పిమ్మట ఎక్స్‌టెన్షనును తీసివేయగా అది మారుమాటాడక పోవును. అప్పుడు సెట్టింగ్సులోని రీసెట్ అను దానిచే బ్రౌజరును తొలినాటి స్థితికి తెచ్చుట మంచిది. దీని వలన వెదకు పుటయు, మొదటి పుటయు సరియగును, ఎక్స్‌టెన్షనులు నిలిచిపోవును, తాత్కాలికముగా దాచబడినవి పోవును. గుర్తు పెట్టుకొన్న పుటలు గాని, దాచియుంచిన సంకేతపదములు గాని పోవు. అయితే రీసెట్ ఒక్కటే చేసి ఊరకున్నచో పాలసీయు, వేళాపట్టికలోని పనియు చెక్కు చెదరవు. రీసెట్ చేసినను పోలేదని నిరాశ చెందువారందరికిని జరుగుచున్నది ఇదియే.

బ్రౌజరును తెరచు గుర్తు మీద కుడి నొక్కు నొక్కి ప్రాపర్టీస్ చూడుడు. టార్గెట్ అను పంక్తి చివర ఏ సైటు చిరునామాయో అంటుకొనియున్నచో దానిని చెరిపివేయుడు. ఇంటర్నెట్ సెట్టింగ్సులో ప్రాక్సీ అనునది మీరు పెట్టకయే పెట్టబడియున్నచో తీసివేయుడు. ఈ రెండును చిన్న సంగతులే యైనను కొన్ని యంత్రములలో రోగ మంతయు ఇక్కడనే యుండును.

శుభ్రపరచు సాధనముల విషయమున జాగరూకత వలెను. యాడ్‌డబ్ల్యుక్లీనరు అనునది 2011లో పుట్టి, 2016లో మాల్వేర్‌బైట్స్ సంస్థకు చెందినది. ఉచితము, ఎక్కించుకొన నక్కరలేదు, దింపి నడిపినచో చాలును. దానిని ఆ సంస్థ స్వంత పుట నుండి మాత్రమే తీసికొనవలెను. విండోసుతోనే వచ్చు డిఫెండరులో ఆఫ్‌లైన్ స్కాను అనునది కలదు. అది యంత్రమును మరల ప్రారంభించి, దొంగ ప్రోగ్రాములు మేల్కొనక మునుపే వెదకును. పావుగంట పట్టును. పాత పుస్తకములలో క్రోమ్‌తో వచ్చు శుభ్రపరచు సాధనమును వాడుమని యుండును. దానిని గూగుల్ వారు 2023లో తీసివేసిరి, కావున వెదకి అలసట పడవలదు. ఇక, వెదకునది ఉచితము, దొరికినది తీయుటకు డబ్బు అను సాధనములను నమ్మవలదు. అమెరికాలో పెద్ద దుకాణముల సంస్థయైన ఆఫీస్ డిపో, సపోర్ట్ డాట్ కామ్ అను సంస్థతో కలిసి, కొనుగోలుదారుల యంత్రములను ఉచితముగా పరీక్షించెదమని చెప్పి, లేని రోగమును ఉన్నట్లు చూపి బాగుచేత సొమ్ము గుంజినదన్న అభియోగము మీద 2019లో ఫెడరల్ ట్రేడ్ కమిషనుతో రాజీపడెను. ఆ రెండు సంస్థలును కలిసి మూడుకోట్ల యేబది లక్షల డాలర్లు చెల్లించెను. అంత పెద్ద దుకాణములో జరిగినది వీథి చివర జరుగదని చెప్పలేము. బాగుచేయువానిని, ఏమి దొరికినది, ఎక్కడ దొరికినది, చూపుమని అడుగుడు. నా వృత్తివారు కొందరు ఈ మాటకు నామీద కినుక వహింతురు.

మన దేశములో సర్ట్-ఇన్ అను ప్రభుత్వ సంస్థ నడుపు సైబర్ స్వచ్ఛతా కేంద్రము 2017 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. శుభ్రపరచు సాధనములను అది ఉచితముగా నిచ్చును. దొంగ ఫోను మూలమున సొమ్ము పోయినచో తోడనే 1930 అను నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము ఖాతానుండి ఖాతాకు పారిపోవును గనుక, బంధువుల నడిగి, ఊరివారి నడిగి పిమ్మట చేసెదమని జాగు చేయరాదు.

ఇంత చేసినను పోనిచో మిగిలినది విండోసును తిరిగి నెలకొల్పుట. రీసెట్ దిస్ పీసీ అనుదానిలో మన ఫైళ్ళను ఉంచి ప్రోగ్రాములను మాత్రమే తీసివేయు మార్గము కలదు. మీ యంత్రములో నున్నది విండోస్ 10 అయినచో, దానికి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినదని ఎరుగవలెను. ఆ సందర్భమున క్రొత్త దానికి మారుటకు యంత్రము తగియున్నదో లేదో విచారించుకొనుట మంచిది.

శుభ్రమైన తరువాత యంత్రమును రెండుమూడు మారులు ఆపి ప్రారంభించి, మూడు దినములు చూడుడు. వేళాపట్టికలో పని మిగిలియున్నచో ఆ లోపల బయటపడును. మాస్టారుగారి యంత్రములో నాలుగవ దినమునకును ఏమియు మొలవలేదు. అప్పుడు బ్యాంకు మొదలైనవాని సంకేతపదములను వేరొక శుభ్రమైన ఫోను నుండి మార్పించితిని. వారి కంప్యూటరులో రెండు ఖాతాలు ఏర్పరచితిని. అధికారము గల ఖాతా యొకటి. దాని సంకేతపదమును ఒక కాగితముపై వ్రాసి మాస్టారుగారి భార్య తన పోపుల డబ్బాలో పెట్టుకొనిరి. దినదినము వాడునది అధికారము లేని రెండవ ఖాతా. ఏదైన క్రొత్త ప్రోగ్రాము యంత్రమంతటికి ఎక్కదలచినచో, ఆ డబ్బా మూత తీయవలసియే యుండును.